శాన్ తెల్మోలో రూటర్ విమోచనం

"ఈ రోజు నుంచి శాన్ తెల్మో బరంగాయ్ ఏ కంపెనీ రూటరుకీ తలవంచదు! మన రూటరు మనదే! మన గాలి మనదే!"

సోమవారం పొద్దున్న జెండా ఎగరేసి, గీతం పాడటం పూర్తికాగానే, ఫిలిప్పీన్స్‌లో పంచాయతీలాంటి ఆ బరంగాయ్‌కి పెద్ద, కెప్టెన్ వెన్సెస్లావో మగ్‌బానువా గారు చేసిన చారిత్రక ప్రకటన ఇది. జెండా కింద వరసగా నిలబడ్డ ఆఫీసు సిబ్బంది, గస్తీ కాసేవాళ్ళు, వీధులు ఊడ్చేవాళ్ళు ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. వాళ్ళలో సగం మందికి రూటరంటే ఏమిటో తెలియదు. అయినా కెప్టెన్ గారు ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడల్లా చప్పట్లు కొట్టడం ఆ ఆఫీసులో అలవాటు, దానికి రూటరు గురించి తెలియాల్సిన పనిలేదు.

చప్పట్లు కొట్టనిది ఒక్క ఫెలీ మాత్రమే. పూర్తి పేరు ఫెలిసిదాద్, బరంగాయ్ ఆఫీసుకి సెక్రటరీ. కెప్టెన్ గారి ఉపన్యాసం కాగితాలు పట్టుకుని ఉండటం వల్ల ఆమె చేతులు ఖాళీగా లేవు. ఖాళీగా ఉన్నా కొట్టేది కాదేమో. రూటరంటే ఏమిటో ఆ గుంపులో బాగా తెలిసినది ఆవిడకే.

కెప్టెన్ గారి ప్రజాసేవకి శాన్ తెల్మోలో ఋజువులు వెతుక్కోనక్కర్లేదు, తల ఎటు తిప్పితే అటు కనపడతాయి. జీప్నీ బళ్ళు ఆగే షెడ్డు మీద ఆయన పేరు. బాస్కెట్‌బాల్ కోర్టు బోర్డు మీద ఆయన మొహం, బంతి సరిగ్గా ముక్కుకి తగిలేలా. అంబులెన్సుకి రెండు పక్కలా ఆయన నవ్వు. ఎవరైనా పోతే ఇంటి ముందు వేసే టెంటు మీద 'మీ దుఃఖంలో మీ వెన్సీ' అని పెద్ద అక్షరాలు, పక్కనే బొటనవేలు పైకెత్తిన ఫోటో. ఎండాకాలంలో పంచిన విసనకర్రలకి ఒకవైపు ఆయన, రెండోవైపు కూడా ఆయనే. ఇంత చేసిన మనిషికి ఇంకా చెయ్యాల్సింది మిగిలి ఉందని ఎవరూ అనుకోలేదు, ఆయన తన ఫోనులో ఆఫీసు వైఫై పేరు చదివేవరకు.

"ఫెలీ, ఇదెవరి పేరు?"

"ఇంటర్నెట్ కంపెనీది సార్. వెనకాల అంకెలు వాళ్ళ నంబరు."

"నేను కూర్చున్న ఆఫీసులో, నా నెత్తిమీద, ఇంకొకడి పేరు తిరుగుతోందా?"

"వాళ్ళ పెట్టె కదా సార్. పాస్‌వర్డ్ మార్చుకోనిస్తారు గానీ పేరు మార్చుకోనివ్వరు."

కెప్టెన్ గారు చాలాసేపు సీలింగు వైపు చూశారు. తర్వాత, "ఎన్నికలు దగ్గరకొస్తున్నాయి. ఊళ్ళో ప్రతివాడూ రోజుకి వందసార్లు ఫోను చూస్తాడు. అందులో నేను లేను," అన్నారు. ఆ గొంతులో నిజమైన బాధ ఉంది. విసనకర్రలు అచ్చువేసినప్పుడు కూడా ఆయన అంత కదిలిపోలేదు.

విమోచనోద్యమం అలా మొదలైంది.

*

సొంత రూటరు మనీలా నుంచి వచ్చింది. నల్లటి పెట్టె, దానికి ఎనిమిది యాంటెన్నాలు, వెల్లకిలా పడ్డ ఎండ్రకాయలా ఉంది. దాన్ని సభ మధ్య బల్ల మీద పెట్టి మెంబర్లందరూ చుట్టూ కూర్చున్నారు. మెంబర్లు ఏడుగురు, కెప్టెన్ గారితో కలిపి ఎనిమిది మంది.

"దేవుడి లెక్క!" అన్నారు మెంబరు దమాసో గారు, గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంటూ. "మనిషికొక యాంటెన్నా."

ఆ మాట అన్నది ఆయనే, దాని మీద మొదటి గొడవ పెట్టుకున్నదీ ఆయనే.

"మా పేట చర్చి వెనకాల ఉంది కెప్టెన్ గారూ. నా యాంటెన్నా చూస్తే ఆకాశంలోకి నిక్కబొడుచుకుని ఉంది. మా పేటవాళ్ళందరూ స్వర్గానికి పోయారనుకున్నారా?"

"ముందు నాది చూడండి," అన్నారు మెంబరు తెరెసితా గారు. "మాది ఏటి ఒడ్డు. దిగువకి వంచండి."

"వంచితే కెప్టెన్ గారి యాంటెన్నాకి తగులుతోందమ్మా."

"తగిలితే ఏమవుతుంది? అవిశ్వాస తీర్మానమా?"

"అవదని గ్యారంటీ ఉందా?"

మధ్యాహ్నం నూడుల్స్ ప్లేట్లు వచ్చి ఖాళీ అయిపోయాక గానీ ఒప్పందం కుదరలేదు. ఏడు యాంటెన్నాలూ ఏడు పేటల వైపు వంగాయి. కెప్టెన్ గారిది మధ్యలో నిటారుగా నిలిచింది. ఒక్కొక్కదానికి మెంబరు పేరు రాసిన చీటీ అంటించారు. ఎవరూ వేలు పెట్టి కదపకూడదని తీర్మానించి, ఏకగ్రీవంగా ఆమోదించి, ఇళ్ళకి వెళ్ళిపోయారు.

దాన్ని కనెక్ట్ చెయ్యడమనే చిన్న పని ఫెలీకి వదిలేశారు. ఆమె పాత పెట్టె వెనక నుంచి సన్నటి పసుప్పచ్చ తీగ పీకి కొత్తదాని దగ్గర పెట్టి చూసింది. అది దూరే రంధ్రం కొత్తదానికి లేదు. తిప్పి చూసినా, బోర్లించి చూసినా లేదు. తీగ మళ్ళీ పాతదానికే పెట్టి కంపెనీకి ఫోన్ చేసింది. చాలాసేపు సంగీతం వినిపించాక ఒకమ్మాయి పలికింది.

"మా పెట్టె తియ్యకండి మేడమ్. ఆ తీగలో వచ్చేది వెలుతురు. దాన్ని మీ రూటరుకి అర్థమయ్యేలా మార్చేది మా పెట్టే. మీదాన్ని మాదాని వెనకాల చిన్న వైరుతో తగిలించుకోండి. మీ రూటరు, మీ పేరు, అన్నీ మీ ఇష్టమే."

ఇంత సులువా అని ఫెలీ ఎగిరి గంతేసినంత పనిచేసింది. అదే పరుగున వెళ్ళి కెప్టెన్ గారికి చెప్పింది.

"వెనకాలా?" అన్నారు కెప్టెన్ గారు.

"అవును సార్. చిన్న వైరు."

"ఫెలీ, పండగ ఊరేగింపులో నేను ఎవరి వెనకాల నడుస్తాను?"

"ఎవరి వెనకాలా నడవరు సార్."

"మేయర్ గారి వెనకాల?"

"ఆయన పక్కన నడుస్తారు సార్. అరడుగు ముందుకే ఉంటారు."

"అలాంటిది నా పేరున్న రూటరు ఆ డబ్బా వెనకాల నిలబడాలా?"

"పక్కనే పెడదాం సార్. కావాలంటే దీన్ని ఎత్తు మీద పెడదాం. వైరు మాత్రం ఉండాలి."

"వైరు దేన్నుంచి దేనికి పోతుంది?"

"పాతదాన్నుంచి కొత్తదానికి సార్."

"అంటే అది ఇస్తుంది, ఇది చెయ్యి చాస్తుంది." కెప్టెన్ గారు లేచి నిలబడ్డారు. "శాన్ తెల్మో ఎవరి ముందూ చెయ్యి చాచదు. ఇది వైర్ల సమస్య కాదు ఫెలీ, ప్రోటోకాల్ సమస్య."

ప్రారంభోత్సవం ఆదివారమని నిర్ణయమైంది. ప్రారంభోత్సవమంటే ఏదో ఒకటి కత్తిరించాలి. రిబ్బను పాతబడిపోయింది, ఈసారి కొత్తగా ఉండాలన్నారు కెప్టెన్ గారు. ఇలాంటప్పుడు దమాసో గారి బుర్ర పాదరసంలా పనిచేస్తుంది.

"రిబ్బనెందుకు సార్ దండగ? ఆ పసుప్పచ్చ తీగే కోసిపారేద్దాం. బానిసత్వపు తీగ!"

మెంబర్లు బల్ల మీద చరిచారు. ఫెలీ మాత్రం ఉండబట్టలేకపోయింది.

"తీగ కోస్తే ఇంటర్నెట్ ఎలా వస్తుంది సార్?" అంది.

"స్వేచ్ఛ వచ్చాక అన్నీ వస్తాయి," అన్నారు కెప్టెన్ గారు.

*

ఫెలీ ఇల్లు ఆఫీసు గోడకి ఆనుకునే ఉంది. గోడకి అవతలున్న పెట్టెలోంచి వచ్చే ఇంటర్నెట్టుకి ఆ గోడ పెద్ద అడ్డు కాదు. సెక్రటరీ జీతం ఎంతో తెలిసినవాళ్ళెవరూ ఆ విషయం ఎత్తరు.

గోడకి ఇవతల ఆమె కూతురు జొవీ చంకలో రెండేళ్ళ కొడుకుని వేసుకుని అద్దం ముందు ఇంగ్లీషు పాఠం చెప్పుకుంటోంది. జపానులో పిల్లలకి ఇంట్లోంచే కంప్యూటర్లో పాఠాలు చెప్పే ఉద్యోగం అది. ప్రారంభోత్సవమైన పదో రోజు, బుధవారం మధ్యాహ్నం రెండింటికి పరీక్ష పాఠం. ఆ పాఠం మధ్యలో బొమ్మ ఆగిపోతే ఇంకో అవకాశం ఇవ్వరు. అది కాకపోతే ఉన్నది ఒకటే దారి, హాంకాంగులో ఎవరింట్లోనో పనిమనిషిగా వెళ్ళడం. ఏజెన్సీవాళ్ళు సరేనన్నారు. పాస్‌పోర్టు బీరువాలో ఉంది, సూట్‌కేసు మంచం కింద ఉంది. పిల్లాడు ఆ సూట్‌కేసు మీదెక్కి గుర్రం ఆట ఆడుకున్నప్పుడల్లా ఫెలీ వాణ్ణి దించి ఒళ్ళోకి లాక్కుంటుంది. హాంకాంగు వెళ్ళినవాళ్ళ పిల్లలు వాళ్ళమ్మని గుర్తుపట్టడానికి ఫోటో చూడటం ఆ వీధిలో ఆమె చాలా ఇళ్ళల్లో చూసింది.

"అమ్మా, తీగ కోస్తారట నిజమేనా?"

"నిజమే."

"బుధవారం దాకా ఆపలేవా?"

"ఆపే శక్తే నాకుంటే పదేళ్ళుగా ఆయన ఉపన్యాసాలే ఆపేదాన్ని కదే!"

"మరెలాగమ్మా?"

"ఏడవకు. నువ్వు ఆపిల్ పళ్ళ పాఠం చదువుకో. కోసే సంగతి నేను చూసుకుంటా."

శనివారం సాయంత్రం ఫెలీ ప్రారంభోత్సవానికి అలంకరణ చేసే మిషతో ఆఫీసులో ఒక్కతే ఉండిపోయింది. క్రిస్మస్ లాంతర్లు దాచే బీరువాలో పై అరలోకి పాత పెట్టెని ఎక్కించింది. అసలు తీగని దూలం పక్కగా ఎవరికీ కనపడకుండా లాగింది. లాంతర్లకి చుట్టే పసుప్పచ్చ వైరు ముక్క ఒకటి తీసి, ఒక కొస గోడకి మేకు కొట్టి, రెండో కొస బల్లకి కట్టి, మధ్యలో ఎర్ర రిబ్బను పువ్వు పెట్టింది. చూడముచ్చటగా ఉంది. అసలు తీగ కన్నా ఇదే ఎక్కువ బానిసత్వంలా కనపడింది.

*

ప్రారంభోత్సవానికి బ్యాండు మేళం వచ్చింది. మేయర్ గారు వచ్చారు. పంది రోస్టు అరటాకుల మీద తయారుగా ఉంది. రూటరుని టాపులేని జీపు మీద పెట్టి ఏడు పేటలూ తిప్పారు, దారిలో ముసలమ్మలు దణ్ణం పెట్టుకున్నారు. ఫాదర్ ఎలియో గారు మంత్రించిన నీళ్ళు చల్లారు. ఆయన చెయ్యి ఉదారమైనది. సగం నీళ్ళు రూటరు మీద పడకుండా ఫెలీ గొడుగు అడ్డుపెట్టడంతో అవి తెరెసితా గారి మీద పడ్డాయి.

కెప్టెన్ గారు బంగారు రంగు కత్తెర ఎత్తారు. "కంపెనీల చీకటి నుంచి సొంత వెలుగులోకి!" అని తీగ కోశారు. బ్యాండు వాయించింది. ఫెలీ ప్లగ్గు పెట్టింది. ఎనిమిది యాంటెన్నాల కింద ఎనిమిది నీలం దీపాలు వెలిగాయి.

మరుక్షణం జనమందరి ఫోన్లలో ఆ పేరు మెరిసింది. 'వెన్సీ కెప్టెన్ కానుక'. పక్కనే నిండు సిగ్నలు.

కెప్టెన్ గారి కళ్ళు చెమర్చాయి. ఆయన భార్య ఆయన కళ్ళు తుడిచింది, ఫోటోగ్రాఫరు అందలేదంటే ఇంకోసారి తుడిచింది.

మేయర్ గారు తన ఫోను కాస్త దూరంగా పట్టుకుని చూశారు. "ఏమీ రావడం లేదయ్యా. గుండ్రంగా ఏదో తిరుగుతోంది."

"తిరుగుతోందంటే పనిచేస్తోందన్నమాట సార్," అన్నారు దమాసో గారు. "పనిచెయ్యనిది తిరగదు కదా."

"అదీ నిజమే," అన్నారు మేయర్ గారు. రోస్టు దగ్గరకి వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి శాన్ తెల్మో అంతా తిరగడమే. ఎవరి ఫోను చూసినా గుండ్రం. అయినా ఒక్కరు కూడా పల్లెత్తు మాట అనలేదు. సిగ్నలు నిండుగా ఉంటే ఏమనగలరు? పైగా కొత్త రూటరు వేగం అద్భుతమని మెంబర్లు ఏకగ్రీవంగా తీర్మానం చేశారు. తీర్మానమయ్యాక నెమ్మదిగా ఉందనడం చట్టవిరుద్ధమేమోనని చాలామందికి అనుమానం.

మంగళవారం కెప్టెన్ గారు ఫెలీని గదిలోకి పిలిచి తలుపు వేసుకున్నారు.

"ఫెలీ, నేను కోసేశాను కదా. మరి ఆ కంపెనీ పేరు నా ఫోనులో ఇంకా కనపడుతోందేం?"

ఫెలీ తలవంచుకుని, "పోయినవాళ్ళ ఆత్మ నలభై రోజులు ఇల్లు వదలదు కదా సార్," అంది.

కెప్టెన్ గారు ఆలోచించారు. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా నలభై రోజులూ వంటింట్లో గిన్నెలు చప్పుడయ్యాయి. ఆ మాట చెప్పి ఆయన కూడా గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నారు.

"అంటే ఈ నలభై రోజులూ ఆత్మకి... పాస్‌వర్డ్ అదేనా?"

"అదే సార్."

"తెలుసుకుందామని అడిగాను, అంతే," అంటూ ఆయన ఫోను చేతిలోకి తీసుకున్నారు. కాసేపట్లో ఆ గదిలోంచి కోడిపందెం వీడియో చప్పుడు వినపడింది.

తర్వాత మంత్రసాని లిజెట్ వచ్చింది. "అక్కా, పురుళ్ళ లెక్కలు పంపాలి. ఆత్మ ఉందటగా?" అంది. ఆవిడకి ఇవ్వకపోతే పాపమని ఫెలీ ఇచ్చింది. తర్వాత దమాసో గారు, చుట్టూ చూసి, చెవిలో అడిగి పట్టుకెళ్ళారు. తెరెసితా గారు ఆయన్ని చూసి వచ్చారు. ఫాదర్ ఎలియో గారు మాత్రం హుందాగా, "ఆత్మలతో సంపర్కం చర్చి ఒప్పుకోదమ్మా. కానీ ప్రసంగం దింపుకోవాలి," అన్నారు. వారం తిరిగేసరికి ఆఫీసు మెట్ల మీద ఊరంతా కూర్చుని ఉంది. అడిగితే గాలి కోసం అన్నారు.

ఇక్కడ ఊళ్ళో ఇలా ఉంటే, గవర్నర్ గారి ఆఫీసు నుంచి కబురొచ్చింది. సొంత రూటరు విప్లవానికి మెచ్చి శాన్ తెల్మోని ఉత్తమ డిజిటల్ బరంగాయ్‌లలో ఒకటిగా ఎంపిక చేశారు. గవర్నర్ గారు వీడియోలో స్వయంగా అభినందిస్తారు, ఎంపికైన కెప్టెన్లందరూ ఎవరి ఆఫీసు నుంచి వాళ్ళు తెర మీద కనపడాలి. ముహూర్తం బుధవారం మధ్యాహ్నం రెండు గంటలు.

*

పరీక్షకి ముందురోజు, మంగళవారం సాయంత్రం జొవీ స్నేహితురాలితో పాఠం ఒకసారి సరిచూసుకుంటోంది. "ఈ ఆపిల్ ఎర్ర..." అనేసరికి తెర మీద ఆమె మొహం నోరు తెరుచుకుని అలాగే ఆగిపోయింది. ఎంతసేపైనా ఆ నోరు మూసుకోలేదు. జొవీ కంప్యూటరు మూసేసి, మంచం కింద నుంచి సూట్‌కేసు లాగి దుమ్ము దులపడం మొదలుపెట్టింది. ఏడవలేదు. అదే ఫెలీకి ఎక్కువ భయం వేసింది.

కిటికీలోంచి చూస్తే ఆఫీసు మెట్ల మీద ఇసకేస్తే రాలనంత జనం. రేపు రెండింటికి వీళ్ళందరూ ఉంటారు. లోపల కెప్టెన్ గారు, ఏడుగురు మెంబర్లు, గోడంత తెర. అందరూ ఆ ఒక్క ఆత్మనే పట్టుకుని వేలాడతారు.

ఫెలీకి ఒళ్ళు మండింది. కన్నకూతురు ఇల్లు వదిలిపోతుంటే ఎవడి కోడిపందెం ఎవడిక్కావాలి? తాళాలగుత్తి తీసుకుని ఆఫీసులోకి వెళ్ళి, తలుపు గడియపెట్టి, స్టూలెక్కి, పై అరలో ఉన్న పాత పెట్టె మీద చెయ్యి వేసింది. దిగేటప్పటికి పాస్‌వర్డ్ మారిపోయింది. కొత్తది తెలిసింది ఇద్దరికే, ఆమెకీ జొవీకీ.

బుధవారం పొద్దున్న మెట్ల మీద చావింట్లో ఉన్నంత నిశ్శబ్దం. అందరూ ఫోన్లు చూసుకున్నారు, ఆకాశం చూశారు, పక్కవాళ్ళ ఫోన్లలోకి దొంగచూపులు చూశారు. ఏమని అడగాలి? వెన్సీ కెప్టెన్ కానుక నిండుగా మెరుస్తోంది. లిజెట్ వచ్చి, "అక్కా, నా ఫోను ఎందుకో వేడెక్కుతోంది," అని నిలబడి నిలబడి వెళ్ళిపోయింది. దమాసో గారు దగ్గి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నానికి ముందు కెప్టెన్ గారు కొత్త తెల్ల బరోంగ్ చొక్కాలో దిగారు. తెర కట్టించారు, కుర్చీలు వేయించారు, వెనకాల తన ఫోటో పెట్టించారు. తర్వాత ఫెలీని పక్కకి పిలిచారు.

"ఆత్మ కనపడుతోంది గానీ లోపలికి రానివ్వడం లేదు ఫెలీ."

"వెళ్ళిపోయేముందు అలా ముభావంగా ఉంటాయట సార్."

"నలభై రోజులు కాలేదుగా?"

"ఫాదర్ గారి ప్రార్థన గట్టిది సార్. తొందరగా సద్గతి దొరికినట్టుంది."

గోడ అవతల నుంచి జొవీ గొంతు వినపడుతోంది. ఆపిల్ ఎర్రగా ఉంది, అరటిపండు పసుప్పచ్చగా ఉంది. కెప్టెన్ గారు గోడ వంక చూశారు. లాంతర్ల బీరువా వంక చూశారు. ఫెలీ వంక చూశారు. ఆయన మరీ అంత అమాయకుడు కాదు, అయితే పదేళ్ళు కెప్టెన్‌గా ఎలా ఉంటారు? ఒక్క మాట అడిగితే చాలు. ఆ మాట అడగాలంటే పాతది బతికే ఉందని ఒప్పుకోవాలి. తాను కోసింది ఏమిటో ఒప్పుకోవాలి. కోస్తున్న ఫోటో బయట గోడకి ఇరవై అడుగుల బట్ట మీద వేలాడుతోంది, పక్కన మేయర్ గారు కూడా ఉన్నారు.

సెక్రటరీని పెట్టేదీ కెప్టెనే, పీకేదీ కెప్టెనే. అయినా ఫెలీ, "మన కానుక ఉందిగా సార్. నిండు సిగ్నలు," అంది.

"ఉంది. ఉంది." కెప్టెన్ గారు చొక్కా సర్దుకున్నారు. "నిండుగా ఉంది."

ఆయన తెర వైపు ఒకసారి, గడియారం వైపు ఒకసారి చూశారు.

"జీపు తియ్యమను," అన్నారు చివరికి.

"ఎక్కడికి సార్?"

"గవర్నర్ గారి ఆఫీసుకి. గవర్నరంతటివారిని తెర మీద పలకరిస్తే మర్యాదగా ఉండదు. అంత వేగం ఉంది కదా అని అహంకారం పనికిరాదు."

"మేమూ వస్తాం!" అన్నారు ఏడుగురు మెంబర్లూ ఒక్కసారే. అంత ఐకమత్యం యాంటెన్నాల రోజున కూడా లేదు. ఫెలీ కూడా రాక తప్పలేదు, ఉపన్యాసం కాగితాలు పట్టుకునేది ఆవిడే కనుక. జీపు కదులుతుండగా ఇంటి కిటికీ వైపు చూసింది. జొవీ ఇస్త్రీ చొక్కా వేసుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. పిల్లాణ్ణి పక్కింటావిడ ఎత్తుకుంది.

*

గవర్నర్ గారి ఆఫీసు గేటు దగ్గర కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఈ రోజు మీటింగు ఆన్‌లైన్లో సార్."

"తెలుసు. మేము ఆన్‌లైన్‌కే వచ్చాం," అన్నారు కెప్టెన్ గారు.

వాడు దారి వదిలాడు. ఏమాత్రం ఆశ్చర్యపడినట్టు కనపడలేదు.

లోపల పెద్ద హాలు. ఎదురుగోడకి శాన్ తెల్మో తెరకి నాలుగింతల తెర, దాని మీద వరసగా ఖాళీ గళ్ళు, ఒక్కో గడి కింద ఒక్కో బరంగాయ్ పేరు. తెర ముందు గవర్నర్ గారి కుర్చీ, మైకు, కెమెరా. వెనకాల చీకట్లో సందర్శకుల కుర్చీలున్నాయి, చాలావరకు అప్పటికే నిండిపోయాయి.

మొదటి వరసలో శాంతా రుఫీనా కెప్టెన్ కూర్చుని ఉన్నారు, పడవలో వచ్చినట్టున్నారు, ప్యాంటు మోకాళ్ళదాకా తడిసి ఉంది. ఆయన పక్కన కొండమీది బరంగాయ్ కెప్టెన్, బూట్ల నిండా బురద. వాళ్ళ వెనకాల ఇంకా చాలామంది కెప్టెన్లు, అందరూ తెల్ల బరోంగ్ చొక్కాల్లో, ఒళ్ళో ఫోన్లు పెట్టుకుని. శాన్ తెల్మోవాళ్ళని చూసి అందరూ తలలూపారు. వరి ఎలా ఉంది, మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది, పెద్దమ్మాయి పెళ్ళెప్పుడు అని ఒకరినొకరు పలకరించుకున్నారు. ఎందుకొచ్చారని మాత్రం ఎవరూ ఎవరినీ అడగలేదు.

రెండయింది. గవర్నర్ గారు రాలేదు. రెండున్నర దాటింది. ఫెలీకి తెర కనపడటం లేదు, కుర్చీలు కనపడటం లేదు, గోడకి ఇవతలున్న చిన్న గది తప్ప ఏదీ కనపడటం లేదు. చేతిలో కాగితాలు చెమటకి మెత్తబడ్డాయి. అప్పుడు ఆమె సంచిలో ఫోను కిర్రుమంది. జొవీ మెసేజి.

'అమ్మా, అయిపోయింది. ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ పాప నవ్వింది. సోమవారం నుంచి మొదలుపెట్టమన్నారు. సూట్‌కేసు పక్కింటివాళ్ళకి ఇచ్చేస్తున్నా.'

ఫెలీకి చీర చెంగు లాంటిదేదీ లేదు కనుక ఉపన్యాసం కాగితాల్లోనే మొహం దాచుకుని బావురుమంది. కెప్టెన్ గారు ఆమె భుజం తట్టారు.

"ఏడవకు ఫెలీ. ఇది నా ఒక్కడి విజయం కాదు, మనందరిదీ."

ఇంతలో గవర్నర్ గారు పక్కతలుపులోంచి హడావిడిగా వచ్చి, ఎటూ చూడకుండా, నేరుగా తెర ముందు కుర్చీలో కూర్చున్నారు. వెనకనున్న కుర్చీలకి ఆయన వీపు మాత్రం కనపడుతోంది. అధికారి ఒకాయన వంగి మైకు సర్దాడు. తెర మీద గళ్ళన్నీ ఖాళీగా ఉన్నాయి.

గవర్నర్ గారు ఆ ఖాళీ గళ్ళకి నమస్కారం పెట్టారు.

"మారుమూల బరంగాయ్‌ల నుంచి మా ముందుకొచ్చిన కెప్టెన్లందరికీ స్వాగతం. నా మాట మీ అందరికీ చేరుతోందా?"

వెనక కుర్చీల్లో కెప్టెన్లందరూ చేతులెత్తారు. అందరికన్నా ముందు వెన్సీ గారు లేచి నిలబడ్డారు.

"స్పష్టంగా చేరుతోంది సార్!"

"ఎక్కడా తెగడం లేదు సార్!" అన్నారు శాంతా రుఫీనా కెప్టెన్.

గవర్నర్ గారు తృప్తిగా తలూపి, తెర మీద నుంచి చూపు తిప్పకుండానే అధికారి వైపు ఒరిగారు.

"చూశావటయ్యా ఎంత శుభ్రంగా వినపడుతోందో! అచ్చం ఇదే గదిలో ఉన్నట్టుంది."